గడ్డివాములు వెలిగిన ఊరు

జపాను దేశంలో ఒసాకా అని పెద్ద నగరం ఉన్నది. అక్కడ రైలెక్కి దక్షిణంగా ప్రయాణం చేస్తే వకయామా అనే పట్టణం వస్తుంది. అది దాటాక రైలు దారి ఇరుకవుతుంది. ఒక పక్క కొండలు, మరొక పక్క సముద్రం. కొండవాలు అంతా మెట్లు మెట్లుగా కమలా తోటలే. శీతకాలం మొదట్లో వెళ్ళినవాళ్ళకు కొండకు దీపాలు పెట్టినట్టుగా పండిన కమలాలు కనిపిస్తాయి. యుఅసా అనే చిన్న స్టేషనులో దిగి, ఒక ఏరు దాటితే హిరొగావా వస్తుంది. మనం చూడబోయే ఊరు అదే. పూర్వం దాన్ని హిరో అనేవారు.

ఇది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. వీధిలో నడుస్తుంటే ఉప్పుగాలి తగులుతుంది, అలల చప్పుడు కూడా వినిపిస్తుంది. కాని సముద్రం మాత్రం కనిపించదు! వీధి చివర పచ్చగా, గడ్డి మొలిచిన ఒక పెద్ద మట్టికట్ట అడ్డంగా ఉంటుంది. మన దేశం నుంచి వెళ్ళినవాడు దాన్ని చూసి, “ఇదేదో చెరువుగట్టులాగుందే!” అనుకుంటాడు. గట్టెక్కి చూస్తే అవతల చెరువేమీ ఉండదు. గట్టు కింద వరసగా దేవదారును పోలిన సరళవృక్షాలు, వాటికి ముందు మరీ పాత కాలపు రాతిగోడ ఒకటి, ఆ తరవాత సముద్రం.

ఈ కట్ట పొడుగు సుమారు 600 మీటర్లు. ఎత్తు 5 మీటర్లు, అంటే పదహారు అడుగుల పైమాట. అడుగున వెడల్పు 20 మీటర్లు. చెరువుగట్టు లోపలి నీళ్ళను బయటికి పోనివ్వదు. ఈ కట్టను బయటి నీళ్ళు లోపలికి రాకుండా కట్టారు. ఊరికీ సముద్రానికీ మధ్య ఇంత మట్టి ఎందుకు పోశారో తెలియాలంటే 1854వ సంవత్సరంలోకి వెళ్ళాలి.

ఆ రోజుల్లో హిరో గ్రామంలో 1,300 పైచిలుకు జనం ఉండేవారు. కొందరు రైతులు, కొందరు చేపలు పట్టేవాళ్ళు. ఊళ్ళో హమాగుచి గోర్యో అనే యువకుడు ఉండేవాడు. అతని వయసు ముప్ఫై నాలుగేళ్ళు. అతని పూర్వీకులు అక్కడికి చాలా దూరాన, చోషీ అనే రేవుపట్టణంలో సోయా సాస్ తయారుచేసి అమ్మే వ్యాపారం పెట్టి బాగా సంపాదించారు. గోర్యో కొన్నాళ్ళు చోషీలోనూ, కొన్నాళ్ళు సొంత ఊళ్ళోనూ ఉంటూ ఉండేవాడు.

డిసెంబరు 23వ తేదీ ఉదయం పెద్ద భూకంపం వచ్చింది. హిరోలో ఇళ్ళు ఊగాయి. జనం బయటికి పరిగెత్తి సముద్రం వంక చూస్తే, నీళ్ళు ఎన్నడూ లేని విధంగా ముందుకూ వెనక్కూ కదులుతున్నాయి. గోర్యో ఊళ్ళోవాళ్ళను వెంటపెట్టుకుని, కొండ మొదట ఉన్న హచిమాన్ గుడికి తీసుకుపోయాడు. అందరూ ఆ రాత్రి అక్కడే గడిపారు. మర్నాడు చూస్తే సముద్రం ఏమీ ఎరగనట్టు నిశ్చలంగా ఉన్నది. జనం హమ్మయ్య అనుకుని ఇళ్ళకు తిరిగి వచ్చేశారు.

ఇలా ఇంటికి తిరిగి రావటమే అన్నిటికన్నా ప్రమాదం. కాని ఆ సంగతి ఆనాడు ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం ఇద్దరు రైతులు గోర్యో దగ్గరికి వచ్చి, తమ బావిలో నీళ్ళు ఉన్నట్టుండి బాగా దిగిపోయాయని చెప్పారు. గోర్యోకు మనసు మనసులో లేదు. సాయంకాలం నాలుగు గంటలకు మళ్ళీ భూమి కంపించింది. ఈసారి వచ్చింది నిన్నటిలాంటిది కాదు. ఇళ్ళ పెంకులు లేచిపోయాయి, గోడలు కూలాయి, దుమ్ము ఆకాశానికి లేచింది. కదలిక ఆగగానే గోర్యో వీధుల వెంట పడి, అందరినీ గుడివైపు తరమసాగాడు. అంతలో నీరు రానే వచ్చింది. ఏటి వెంబడి కొండలాగా లోపలికి పొర్లివచ్చి ఇళ్ళను ఎత్తుకుపోయింది. గోర్యో కూడా ఆ నీటిలో పడి కొట్టుకుపోయాడు. ఎలాగో ఒక మెరక చేరుకుని ప్రాణాలు దక్కించుకున్నాడు.

అతను గుడికి చేరేసరికి అక్కడంతా ఏడుపులు. తల్లులు పిల్లలను పేరుపెట్టి పిలుస్తున్నారు, పిల్లలు తల్లులను వెతుక్కుంటున్నారు. చీకటి పడిపోయింది. ఇంకా ఎంతోమంది కిందనే ఉండిపోయారు. వాళ్ళలో కొందరు నీటికి చిక్కి, ఎటు పోతే గట్టు దొరుకుతుందో తెలియక తిరుగుతున్నారు. గోర్యో కొందరు మగవాళ్ళకు కాగడాలిచ్చి, వాళ్ళతోబాటు మళ్ళీ కిందికి దిగాడు. దారంతా విరిగిన దూలాలూ, కొట్టుకొచ్చిన సామానూ అడ్డం పడి ఉన్నాయి. ముందుకు పోవటం సాధ్యం కాలేదు.

అప్పుడు అతనికి దారి పక్క పొలాల్లో ఉన్న గడ్డివాములు కనిపించాయి. కోతలయ్యాక రైతులు వేసుకున్న వరిగడ్డి వాములు! పదికి పైగా ఉన్నాయి. వాటిని వరసగా అంటించమన్నాడు. గుడికి పోయే దారి పొడుగునా వెలుగు వచ్చింది. ఆ మంటలను చూసి, చీకటిలో దిక్కు తోచక తిరుగుతున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుడి చేరుకున్నారు. వాళ్ళు చేరిన కాసేపటికి మరొక పెద్ద కెరటం వచ్చింది. అన్నిటిలోకీ అదే పెద్దది. గడ్డివాములు మండుతూనే నీటి మీద తేలి పోవటం గోర్యో చూశాడు. ఇదంతా అతను తరవాత స్వయంగా రాసి పెట్టాడు.

ఊళ్ళో 125 ఇళ్ళు కొట్టుకుపోయాయి. ముప్ఫై మందికి పైగా చనిపోయారు. మిగిలినవాళ్ళు బతికారు.

ఇంతకూ ఆ నీరు ఏమిటి? దాన్ని జపాను వాళ్ళు “సునామీ” అంటారు. ఆ భాషలో “సు” అంటే రేవు, “నామి” అంటే అల. రేవులోకి వచ్చే అల అన్నమాట. ఈ పేరు పెట్టింది చేపలు పట్టేవాళ్ళని చెబుతారు. వాళ్ళు నడిసముద్రంలో ఉండగా వింతేమీ కనిపించేది కాదు. వల నిండా చేపలతో ఇంటికి తిరిగివస్తే రేవూ ఉండేది కాదు, ఊరూ ఉండేది కాదు. సముద్రంలో కనపడని అల రేవులో ఎలా పుట్టిందని వాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

నిజానికి ఆ అల వాళ్ళ పడవల కిందినుంచే పోయింది. నడిసముద్రంలో సునామీ ఎత్తు చాలా సార్లు ఒక మీటరు కూడా ఉండదు. ఒక అల శిఖరానికీ మరొక అల శిఖరానికీ మధ్య దూరం మాత్రం వంద, రెండు వందల కిలోమీటర్లు ఉంటుంది. అంత దూరంలో మీటరు ఎత్తు పెరిగితే పడవలో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది?

మీ ఇంట్లో గంగాళమో, పెద్ద తొట్టో ఉంటే ఒక పని చెయ్యండి. అమ్మను అడిగి, దాని నిండా నీళ్ళు పొయ్యండి. ముందు నీళ్ళ మీద నోటితో ఊదండి. చిన్న చిన్న అలలు లేస్తాయి, కాని అడుగున నీరు కదలదు. సముద్రంలో గాలి లేపే అలలు ఇలాంటివే. ఎంత పెద్ద తుఫాను వచ్చినా, లోతుకు పోయినకొద్దీ నిశ్చలంగానే ఉంటుంది. ఇప్పుడు తొట్టి అడుగున ఒక వెడల్పాటి పళ్ళెం పెట్టి, దాని ఒక అంచును చటుక్కున పైకెత్తండి. పైనున్న నీరంతా అడుగు నుంచి లేచి పక్కలకు పొర్లుతుంది. సునామీ ఈ రెండో రకంది. అందులో పైనీరు మాత్రమే కాక, అడుగు నుంచి పైదాకా ఉన్న సముద్రమంతా కదులుతుంది.

మరి సముద్రం అడుగున పళ్ళెం ఎత్తేదెవరు? భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. అది పెద్ద పెద్ద పలకలుగా ఉన్నది. ఆ పలకలు చాలా మెల్లిగా, మన గోళ్ళు పెరిగినంత వేగంతో కదులుతూ ఉంటాయి. హిరొగావాకు దక్షిణంగా సముద్రం అడుగున ఫిలిప్పీన్ సముద్రపు పలక జపాను కిందికి దూరుతూ ఉన్నది. ఊరికే దూరదు, పై పలక అంచును పట్టుకుని తనతో కిందికి లాగుతుంది. పై పలక విల్లులాగా వంగుతుంది. బల్ల అంచున స్కేలు పెట్టి వంచి వదలటం బడిపిల్లలందరికీ వచ్చిన విద్యే గదా! వంచినంతసేపు అది ఊరుకుంటుంది, పట్టు తప్పగానే టప్పున లేస్తుంది. ఇక్కడ స్కేలు వంగటానికి నూరేళ్ళు, నూటయాభై ఏళ్ళు పడుతుంది. లేవటానికి నిమిషాలు చాలు. పలక లేచినప్పుడు దాని మీదున్న వేల అడుగుల నీరంతా లేస్తుంది. నేల కంపించటమే భూకంపం. ఆ నీరు లేచి అన్ని వైపులకూ పరిగెత్తటం సునామీ.

హిరో ఊరు 1707లోనూ ఇలాగే పాడయింది, 1854లోనూ పాడయింది. స్కేలు మళ్ళీ మళ్ళీ వంగుతుంది గనక ఇలా జరుగుతూ ఉంటుంది.

నీరు ఎంత లోతు ఉంటే సునామీ అంత వేగంగా పోతుంది. నాలుగు వేల మీటర్ల లోతున అది గంటకు 700 కిలోమీటర్లు పరిగెత్తుతుంది. అది విమానం వేగం! ఒడ్డు దగ్గర లోతు పది మీటర్లకు తగ్గేసరికి వేగం గంటకు 36 కిలోమీటర్లు అవుతుంది. చిక్కు ఇక్కడే ఉన్నది. ముందున్న నీరు నెమ్మదిస్తుంది, వెనక నీరు ఇంకా తోసుకుంటూ వస్తుంది. ఇరుకు వీధిలో ముందువాళ్ళు ఆగితే ఊరేగింపు ఏమవుతుందో, నీరు కూడా అదే అవుతుంది. అది పోగుపడి ఎత్తుకు లేస్తుంది. గంటకు 36 కిలోమీటర్లు తక్కువేం కాదు, దాన్ని పరిగెత్తి తప్పించుకోవటం ఎవరి వల్లా కాదు. మామూలు అల ఒడ్డుకు కొట్టి క్షణాల్లో వెనక్కి పోతుంది. ఇది నిమిషాల తరబడి లోపలికి వస్తూనే ఉంటుంది. తరవాత అంతే బలంతో వెనక్కి లాగుతుంది. ఒకటితో ఆగదు. రెండోది, మూడోది ఇంకా పెద్దవి కావచ్చు. రెండిటి మధ్య పది నిమిషాలూ పట్టవచ్చు, గంటా పట్టవచ్చు.

భూకంపం ఒక్కటే దీనికి కారణం కాదు. 1883లో క్రకటోవా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన నీటివల్ల జావా, సుమత్రా తీరాల్లో 36 వేల మంది పోయారు. కొండచరియ విరిగి నీళ్ళలో పడ్డా సునామీ పుట్టవచ్చు. చంద్రుడివల్ల కలిగే పోటుపాట్లకూ దీనికీ మాత్రం ఏ సంబంధమూ లేదు.

హిరోలో ఆ రాత్రి తెల్లవారిన తరవాత సంగతి చెప్పుకుందాం.

గుడి దగ్గర చేరిన జనానికి తిండి లేదు. గోర్యో ఆ రాత్రే పక్క ఊరి పెద్ద ఇంటికి పోయి తలుపు తట్టి, ధాన్యం అప్పు తెచ్చాడు. తరవాత తన డబ్బుతో యాభై ఇళ్ళు కట్టించాడు. రైతులకు పనిముట్లూ, చేపలవాళ్ళకు పడవలూ కొనిచ్చాడు. అయినా జనం మనసు కుదుటపడలేదు. ఈ ఊళ్ళో ఉండి లాభం లేదు, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ నీరు వస్తుంది, ఎక్కడికైనా పోదామని కొందరు మూటలు కట్టసాగారు.

గోర్యో ఆలోచించాడు. ఊరికే బియ్యం పంచుతూ పోతే ఎన్నాళ్ళు పంచగలడు? వాళ్ళ భయం పోవాలి, వాళ్ళకు పనీ దొరకాలి. సముద్రానికి అడ్డంగా పెద్ద కట్ట వేస్తే రెండూ జరుగుతాయి! అతను 1855లో పని మొదలుపెట్టాడు. ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ, ఎవరు వచ్చినా పని ఇచ్చాడు. ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చేవాడు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని సాయంత్రం కూలి చేతికి వస్తే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పొయ్యి వెలిగిన ఇంటిని వదిలి ఎవరూ దేశాంతరం పోరు. పొలం పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు కట్ట పని ఆపేవారు, ఖాళీ రోజుల్లో మళ్ళీ సాగించేవారు.

పని దాదాపు నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో గోర్యోకు డబ్బు ఇబ్బంది వచ్చింది. చోషీలో దుకాణంవాళ్ళు సోయా సాస్ అమ్మి వచ్చిన డబ్బు పంపుతూ ఉంటే హిరోలో మట్టి లేస్తూ వచ్చింది. 1858 చివరకు కట్ట పూర్తి అయింది. సముద్రం వైపు సరళవృక్షాలు నాటారు. పెద్ద పడవలూ, దూలాలూ నీటితో కొట్టుకొచ్చి కట్టను గుద్దకుండా అవి అడ్డుకుంటాయి. జనం గోర్యోకు గుడి కట్టి దేవుడిలాగా పూజిస్తామన్నారు. గోర్యో ఒప్పుకోలేదు. తాను దేవుణ్ణీ కాదు, బుద్ధుణ్ణీ కాదని చెప్పి ఆ పని మాన్పించాడు. అతను తరవాత జపాను ప్రభుత్వంలో తపాలా పనులు చూసే అధికారి అయ్యాడు, ప్రపంచయాత్రకు బయలుదేరి 1885లో న్యూయార్కులో చనిపోయాడు.

అంటే, ఆ కట్టకు నిజమైన పరీక్ష వచ్చినప్పుడు గోర్యో లేడు. 1946 డిసెంబరు 21న తెల్లవారుజామున నాలుగు గంటలు దాటాక భూమి కంపించింది. స్కేలు మళ్ళీ పట్టు తప్పింది! అరగంట తరవాత నాలుగు మీటర్ల ఎత్తున నీరు వచ్చింది. కట్ట వెనక ఉన్న పాత ఊరు చాలావరకు నిలిచింది. కట్ట చాటు లేని చోట్ల, ఏటి పక్క పల్లంలో మాత్రం నీరు ప్రవేశించి ప్రాణనష్టం జరిగింది. నలుగురూ మట్టి మోసి కట్టిన 88 ఏళ్ళకు, ఆ మోసినవాళ్ళ మనమలూ మునిమనమలూ దాని చాటున బతికారు.

గడ్డివాముల సంగతి దేశమంతా తెలియటానికి కారణం మరొకటి ఉన్నది. 1896లో జపాను ఈశాన్య తీరాన సన్రికు అనే ప్రాంతంలో సునామీ వచ్చి 20 వేలమందికి పైగా చనిపోయారు. అది పండగరోజు. భూమి కొద్దిగా మాత్రమే ఊగటంవల్ల జనం లక్ష్యపెట్టలేదు. అప్పట్లో లాఫ్కాడియో హెర్న్ అనే రచయిత జపానులో ఉండేవాడు. ఆయన ఈ వార్తలు విని, పూర్వం హిరోలో జరిగినదాన్ని 1897లో ఇంగ్లీషులో కథగా రాశాడు. ఆ కథలో గోర్యో కొండమీద ఉండే ముసలివాడు. సముద్రం వెనక్కి పోవటం పైనుంచి చూసి, తన పంటనంతా తగలబెడతాడు. మంట ఆర్పటానికి ఊరంతా కొండ ఎక్కుతుంది, అప్పుడు కింద ఊరు మునిగిపోతుంది. యుఅసాలో పుట్టిన నకాయ్ త్సునెజో అనే బడిపంతులు ఈ కథను పిల్లల భాషలో తిరగ రాశాడు. 1937 నుంచి పదేళ్ళపాటు జపానులో అయిదో తరగతి పిల్లలందరూ దాన్ని పాఠంగా చదివారు.

కథ బాగుంటుంది. నాకు మాత్రం జరిగినదే ఎక్కువ నచ్చుతుంది. కథలో ముసలివాడు కొండమీద నుంచి కిందికి దిగవలసిన పని లేకపోయింది. అసలు గోర్యో ఒకసారి నీటిలో కొట్టుకుపోయి బతికి, చీకట్లో మళ్ళీ ఆ నీటివైపే నడిచాడు.

కథవల్ల ఒక చిక్కు కూడా ఉన్నది. సునామీకి ముందు సముద్రం తప్పకుండా వెనక్కి పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సముద్రపు నేల ఒక చోట లేస్తే, దాని పక్క చోట కుంగుతుంది. కుంగిన వైపు ఉన్న తీరానికి ముందు నీరు వెనక్కి లాగుతుంది. లేచిన వైపు ఉన్న తీరానికి ముందే నీరు పొంగివస్తుంది.

ఇది మన తీరంలో చూసినదే. 2004 డిసెంబరు 26 ఆదివారం, ఉదయం ఆరున్నరకు సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున భూమి పగిలింది. థాయిలాండు తీరంలో సముద్రం ముందు వెనక్కి పోయింది. మనవైపు మొదట నీరు పెరిగింది. తొమ్మిది గంటల ప్రాంతంలో అది ఆంధ్ర తీరానికి వచ్చింది. ఆనాడు పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో జనం సముద్రస్నానాలు చేస్తున్నారు. ఆంధ్ర తీరంలో నూరు మందికి పైగా పోయారు. తమిళనాడులోనూ, అండమాన్ నికోబార్ దీవుల్లోనూ నష్టం ఇంకా చాలా ఎక్కువ. అన్ని దేశాల్లోనూ కలిసి 2 లక్షల 20 వేలమందికి పైగా చనిపోయారు.

మన తీరంవాళ్ళకు సముద్రం లోపలికి రావటం కొత్త కాదు. ఉప్పెన అనే మాట మనకు ఎప్పటినుంచో ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెనే. కాని ఉప్పెన తుఫాను గాలితో వస్తుంది. ముందు రోజు నుంచే ఆకాశం మూసుకుంటుంది, గాలి వీస్తుంది, వాన కురుస్తుంది. 2004లో ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. పెద్దవాళ్ళకు తెలిసిన గుర్తులేవీ ఆనాడు కనిపించలేదు. భూమి పగిలిన క్షణానికీ, నీరు మన ఒడ్డుకు వచ్చిన క్షణానికీ మధ్య రెండున్నర గంటల వ్యవధి ఉన్నది. ఆ రెండున్నర గంటల్లో మంగినపూడిలో స్నానం చేస్తున్నవాళ్ళకు కబురు చెప్పే మనిషి లేడు.

ఆ మనిషి ఇప్పుడున్నాడు, అదీ ఎక్కడో కాదు, సముద్రానికి చాలా దూరాన, హైదరాబాదులో! అక్కడ ఇన్‌కాయిస్ అనే సంస్థలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. రాత్రీ పగలూ ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు పైనున్న నీటి బరువు కొద్దిగా మారినా పసిగట్టి, పైన తేలే బోయాకు చెబుతాయి. బోయా ఉపగ్రహానికి చెబుతుంది. ఉపగ్రహం హైదరాబాదుకు చెబుతుంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాలకే మొదటి కబురు బయలుదేరుతుంది.

హిరొగావాలాంటి ఊళ్ళకు ఈ యంత్రాలున్నా వ్యవధి తక్కువ. అక్కడ పలక ఊరికి బాగా దగ్గర. అందుకని అక్కడి పిల్లలకు కాళ్ళకింద భూమే గంట. బలంగా ఊగినా, చాలాసేపు ఊగినా, ఎవరి కబురు కోసమూ చూడకుండా మెరకకు పోవాలని వాళ్ళకు నేర్పుతారు. సామాను కోసం ఆగకూడదు. ఒక కెరటం పోయిందని దిగి రాకూడదు. కట్ట ఉన్నది గదా అని కూచోకూడదు. 2011 మార్చి 11న సన్రికు తీరంలో తారో అనే ఊళ్ళో పది మీటర్ల గోడ ఉండేది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు. నీరు ఆ గోడ పైనుంచి వచ్చేసింది. గోడను నమ్ముకుని ఆగిన కొందరు బతకలేదు. అదే రోజు కమైషి అనే ఊళ్ళో బడిపిల్లలు, పెద్ద తరగతులవాళ్ళు చిన్న తరగతులవాళ్ళ చేతులు పట్టుకుని పరిగెత్తారు. మొదట అనుకున్న చోటు చేరాక, ఇది చాలదనిపించి ఇంకా పైకి పోయారు. అక్కడా ఆగక ఇంకా పైకి పోయారు. వాళ్ళు బతికారు.

హిరొగావాలో గోర్యో ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. దానికి గడ్డివాముల మంట అనే పేరే పెట్టారు. గోర్యో ఊరిని కాపాడిన తేదీ జపాను పాత పంచాంగం ప్రకారం పదకొండో నెల అయిదో రోజు. ఐక్యరాజ్యసమితి అందుకే 2015లో నవంబరు 5ను ప్రపంచమంతటికీ సునామీ దినంగా నిర్ణయించింది. ఊరివాళ్ళు అంతకు చాలా ముందే, 1903లోనే, నవంబరులో ఒక పండగ మొదలుపెట్టారు. అక్టోబరులో మరొక పండగ కూడా ఉన్నది. ఆ సాయంత్రం కాగడాలు పట్టుకుని, పిల్లా జెల్లా అంతా ఆనాటి దారినే హచిమాన్ గుడికి నడుస్తారు. దారిలో గడ్డివాము కాలుస్తారు.

నవంబరు పండగకు కాగడాలుండవు. బడిపిల్లలు ఒక్కొక్కరూ కాసింత మట్టి తెచ్చుకుంటారు. ఏడాది పొడుగునా వానలకు కట్ట కొంత కరిగి ఉంటుంది. పిల్లలు వరసగా వచ్చి తాము తెచ్చిన మట్టిని కట్ట మీద పోసి, అరచేతులతో తట్టి, చేతులు దులుపుకుని ఇళ్ళకు పోతారు.